క్యాండిడ్ క్రీమ్, పౌడర్: షుగర్ ఉన్న నా చేతులకు ఎలా పనిచేశాయంటే

విజయవాడలో కర్రీ పాయింట్ నడుపుతున్నాను. పొద్దున కూరగాయలు కడిగిన దగ్గర్నుంచి రాత్రి గిన్నెలు తోమేదాకా చేతులు నీళ్ళలోనే. పైగా షుగర్. ఎండలు ముదిరితే కుడిచేతి మధ్యవేలికీ ఉంగరం వేలికీ మధ్య సందు తెల్లగా నానిపోయి, పొర ఊడి, లోపల ఎర్రగా పచ్చి తేలేది. కారం తగిలిందా, ప్రాణం పోయినంత పని. చర్మం డాక్టరు గారు చూసి క్యాండిడా అన్నారు. మామూలుగా ఒంటిమీద ఉండే ఫంగసేనట. షుగర్ ఎక్కువగా ఉండి, చర్మం తడిగా ఉంటే రెచ్చిపోతుందట.

రాసిన మందు క్లోట్రిమజోల్ 1 శాతం క్రీమ్. నేను కొన్నది గ్లెన్‌మార్క్ వాళ్ళ క్యాండిడ్. తెల్లగా ఉంటుంది, జిడ్డు కారదు, పచ్చి మీద కాసేపు చురుక్కుమంటుంది. రోజుకు రెండుసార్లు, చెయ్యి కడిగి, సందు పూర్తిగా ఆరాక పల్చగా రాయాలి. మంట తొందరగానే తగ్గింది కానీ, తగ్గిందని ఆపొద్దన్నారు డాక్టరు గారు. చర్మం మామూలైనట్టు కనిపించినా చెప్పినన్నాళ్ళూ రాశాను. తోమేటప్పుడు లోపల నూలు గ్లౌజు, పైన రబ్బరు గ్లౌజు.

కొనేటప్పుడు పేరు చూసుకోండి. క్యాండిడ్-బి వేరే మందు, అందులో బెక్లోమెథసోన్ అనే స్టెరాయిడ్ కూడా ఉంటుంది. డాక్టరు రాయకుండా నేనైతే ముట్టను. మా దగ్గర పనిచేసే అక్కకు, ఆవిడకూ షుగరే, రొమ్ముల కింద ఒరుసుకుపోతే ఒక మందుల షాపులో మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబు చేతిలో పెట్టారు. దురద ఇట్టే పోయింది. ఆపగానే ఇంకా ఎక్కువ పాకి, అంచుల చుట్టూ చిన్న ఎర్ర పొక్కులు లేచాయి. ట్యూబు తిప్పి చూస్తే క్లోబెటసాల్, గట్టి స్టెరాయిడ్. ఇలాంటి చోట వస్తే ఆడవాళ్ళు సిగ్గుపడి డాక్టరుకు చూపించరు, ఎవరేది ఇస్తే అది రాసుకుంటారు. నాకు బాధ అక్కడే. ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను, ఈ మామూలు క్రీముతోనే మానింది.

పౌడర్‌లోనూ అదే 1 శాతం మందు. మానాక చెమట పట్టే మడతల్లో చల్లుకోవడానికి మంచిదే. రసి కారుతున్నప్పుడు మాత్రం వద్దు, ముద్దకట్టి ఇంకా ఒరుసుకుంటుంది.

షుగర్ దిగకపోతే ఏ క్రీమూ నిలబెట్టదు. మూడునెలల సగటు షుగర్ పరీక్ష (HbA1c) తొమ్మిది దాటి ఉన్నన్నాళ్ళూ తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది, ఏడుకు దగ్గరయ్యాక రాలేదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ బిళ్ళలు వాడేవాళ్ళకు షుగర్ మూత్రంలో పోతుంది కాబట్టి మూత్రం దగ్గర ఈ దురద వచ్చే అవకాశం ఎక్కువ. బిళ్ళ సొంతంగా మానేయకండి, రాసిన డాక్టరుకు చెప్పండి.

ఫంగస్‌కు మింగే ఫ్లుకోనజోల్ మాత్ర అడిగి కొనుక్కునేవాళ్ళూ ఉన్నారు. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ బిళ్ళలు వేసుకుంటూ అది కూడా మింగితే షుగర్ మరీ పడిపోవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మీరు వాడే బిళ్ళల స్ట్రిప్పులన్నీ సంచీలో వేసుకెళ్ళి చూపించండి.