బొమ్మా కథా, నోట్‌బుక్కా యాపా: రాయాలనుకునే పదిహేనేళ్ల పిల్లకి ఏది మేలు?

కాశీబుగ్గలో ఉంటున్న మా అప్ప (అక్క) కూతురిది ఈ ఏడు పదో తరగతి. లెక్కల నోట్‌బుక్కు తిరగేస్తే వెనక పేజీల నిండా బొమ్మలు, సోషల్ నోట్‌బుక్కు మధ్యలో కథలు. రెండూ కట్టిపెట్టమని వాళ్లమ్మ. ఏదో ఒకటి గట్టిగా పట్టుకోమని డ్రాయింగ్ మాస్టారు. ఫోన్లో పెడితే డబ్బులొస్తాయని పక్కింటి డిగ్రీ కుర్రాడు. అందరూ చెప్పడం అయ్యాక "మావయ్యా, ఏది మంచిదో నువ్వు చెప్పు" అని నా మీద పెట్టింది. ఆ పిల్లకి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిందే ఇక్కడ కాస్త కుదురుగా రాస్తున్నాను. మన శ్రీకాకుళం, విజయనగరాల్లో ఇలాంటి పిల్లలున్న ఇళ్లు ఇంకా చాలా ఉంటాయి.

నా కొలబద్ద ఒక్కటే. ఏ దారిన పోతే మొదలెట్టింది చివరికంటా పూర్తి చేస్తుందో, అదే మేలు. పేరూ డబ్బూ లైకులూ తర్వాతి సంగతి. ఈ వయసులో మొదలుపెట్టిన కథలకి లెక్కుండదు, ముగించినవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

బొమ్మా? కథా?

వాళ్ల నానమ్మ పలాస జీడి ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి పిక్కలు కొట్టింది. ఈ పిల్ల ఆవిడ బొమ్మ వేసింది. మొహం లేదు, రెండు చేతులే. బొటనవేలూ చూపుడువేలూ నల్లగా, మిగతా వేళ్లు మామూలుగా. జీడి అంటిన చోట చర్మం పొరలుగా లేచిన గుర్తుల్ని పెన్సిల్‌తో రుద్ది, మధ్యమధ్యలో రబ్బరుతో అద్ది తెచ్చింది. ఎవరూ నేర్పలేదు. చూసింది, వేసింది.

అదే నానమ్మ మీద కథ కూడా రాసింది. అందులో ఆ చేతుల ఊసు ఒక్క వాక్యం: "నానమ్మ చేతులు కష్టానికి చిహ్నాలు." ఆ తర్వాత మూడు పేజీల నీతి. బొమ్మ వేసేటప్పుడు తెరుచుకున్న కళ్లు కథ రాసేటప్పుడు మూసుకుపోయాయి. తెలుగు వాచకంలో పాఠం చివర ఉండే వాక్యాల్లాంటివే కథంటే అనుకుంది.

ఇంతవరకే చూస్తే బొమ్మే మేలనాలి. కానీ ఆ బొమ్మ వేస్తున్నప్పుడు జరిగింది ఒకటుంది. ముసలావిడ ఊరికే కూర్చోలేదు. "ఏటే గుంటా, మొకం ఏసుకోక ఈ సేతులేటి నీకు?" అంటూ రెండు చేతులూ కొంగు కింద దాచేసుకుందట. ఆ దాచుకోవడం ఏ బొమ్మలోనూ రాదు. ముందు చేతులు బయట ఉండాలి, తర్వాత కొంగు కిందికి పోవాలి, మధ్యలో ఆ మాట వినపడాలి. అలా ముందూ వెనకా ఉన్నదాన్ని పట్టుకోవాలంటే కథే కావాలి. ఇదంతా ఫోన్లో నవ్వుకుంటూ చెప్పింది గానీ, కథలో రాయాలని తట్టలేదు.

అందుకే ఈ రెంటిలో ఒకదాన్ని వదలమని నేను చెప్పలేదు. ముందు బొమ్మ వెయ్యి, వేస్తున్నప్పుడు చెవిన పడ్డ మాటలు పక్కన రాసుకో, కథ ఆ తర్వాత రాయి అన్నాను. వడ్డాది పాపయ్య గారు 1921లో శ్రీకాకుళంలోనే పుట్టారు. తండ్రి డ్రాయింగు మాస్టారు. "వపా" అన్న సంతకంతో చందమామ, యువ పత్రికలకి ఆయన వేసిన బొమ్మలు మన పెద్దవాళ్ల కళ్లల్లో ఇంకా ఉన్నాయి. కథకి బొమ్మ వెయ్యడమంటే ఏమిటి? కథంతా చదివి, అందులో ఏ క్షణాన్ని పట్టుకోవాలో తేల్చుకోవడం. కథ రాసేవాడికి కావలసిందీ అదే చూపు. సీతంపేట కొండల్లో సవర గిరిజనులు ఎర్రమట్టి గోడ మీద తెల్లగా వేసే బొమ్మల్లో మనుషులు, జంతువులు, సూర్యచంద్రులు అన్నీ ఒకే చోట ఉంటాయి. ఆ గోడ ముందు నిలబడితే అక్కడ కథెక్కడ ఆగింది, బొమ్మెక్కడ మొదలైంది అని ఎవరడుగుతారు?

తేడా నేర్చుకోవడంలో ఉంది. బొమ్మలో తప్పు వెంటనే కనపడుతుంది, చెయ్యి పొట్టిదైతే పక్కింటి పిల్లాడు కూడా చెప్పేస్తాడు. కథలో తప్పు రాసినవాళ్లకి కొన్నాళ్లదాకా కనపడదు. బొమ్మలు వేసేవాళ్లు పెద్దవాళ్ల బొమ్మలు చూసి వేస్తూ నేర్చుకుంటారు, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కథల దగ్గరికొచ్చేసరికి చూసి రాయడమంటే దొంగతనం అనుకుంటారు. అచ్చుకి పంపితే దొంగతనమే. కానీ నచ్చిన కథలోంచి ఒక పేజీ ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకుంటే వాక్యం ఎక్కడ ఆగిందో, సంభాషణ ఎక్కడ మొదలైందో చేతికి తెలుస్తుంది.

బొమ్మలూ కథా కలిపి కామిక్‌ పుస్తకం వేస్తానంటే? నాలుగు గళ్లలో, ఒక పేజీలో అయ్యేదైతే నిశ్చింతగా వెయ్యమను. వంద పేజీల సూపర్‌హీరో పుస్తకమంటే అయిదో పేజీ దగ్గరే ఆగుతుంది. నా కొలబద్దకి అది నిలవదు.

మన యాసా? పుస్తకాల తెలుగా?

ఆ పిల్ల కథలో నానమ్మ "నీవు బడికి వెళ్లి చక్కగా చదువుకొనుము" అంటుంది. కాశీబుగ్గలో అలా మాట్లాడే నానమ్మ ఉంటే నాకు చూపించండి, దండ వేస్తాను. ఎందుకలా రాశావంటే, "మన మాట రాస్తే నవ్వుతారు మావయ్యా" అంది. పిల్ల తప్పేం లేదు. సినిమాల్లో మన యాస ఎవరికిస్తారు? నవ్వించడానికి పెట్టిన పాత్రకేగా. అది చూసి చూసి పిల్లలకి సొంత నోరే నామోషీ అయిపోయింది.

అసలు ఈ గొడవ మొదలైందే మన గడ్డ మీద. విజయనగరంలో ఉండి గురజాడ అప్పారావు గారు మాట్లాడే భాషలో కన్యాశుల్కం రాసి 1897లో అచ్చువేశారు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు, పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారు, వాడుక తెలుగు కోసం జీవితమంతా పోట్లాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు బడుల్లో పిల్లల చేత చెప్పించే ఉపన్యాసాలు మాత్రం "ఓ తెలుగు తల్లీ, నీ కీర్తి అజరామరము" ధోరణిలోనే ఉంటాయి. గిడుగు వారు వింటే ఏమనేవారో మరి.

గిడుగు వారు అడిగింది చదువుకున్నవాళ్లు మాట్లాడే వాడుక భాషని. పొలంలో కూలీ, కోర్టు మెట్ల మీద కూర్చున్న మనిషి ఏం మాట్లాడతారో అది కథల్లోకి దర్జాగా రావడానికి ఇంకా కాలం పట్టింది. విశాఖ లాయరు రావిశాస్త్రి గారు, మన మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు గారు ఆ పని చేసిపెట్టారు. ఇప్పుడు పదిహేనేళ్ల పిల్లకి కొత్తగా తెగించాల్సిన పనేం లేదు, దారి పడే ఉంది.

అయితే కథంతా యాసలోనే రాయాలా? కథ చెప్పేదే నానమ్మ అయితే రాయొచ్చు, వినసొంపుగా ఉంటుంది. కానీ పట్టు నిలపడం కష్టం. ఒక పేజీలో "ఎల్లిపోనాడు", తర్వాతి పేజీలో "వెళ్లిపోయాడు" వచ్చేస్తుంది. చదివేవాడికి పంటి కింద రాయి పడ్డట్టుంటుంది. ఈ వయసుకి నా ఓటు సగం సగానికే: కథ నడిపేది తను స్నేహితురాళ్లతో మాట్లాడే తెలుగులో, మనుషుల మాటలు వాళ్ల నోట్లోంచి వచ్చినట్టే. ఒక్క షరతు. యాసని పేదవాళ్లకే అంటగట్టకూడదు. బడిలో హెడ్‌మాస్టారికి కోపమొస్తే "ఏటిరా అది!" అనే అంటారు. ఆయన చేత పుస్తకాల తెలుగు, నానమ్మ చేత యాస పలికిస్తే ఆ సినిమావాళ్లకీ మనకీ తేడా ఏముంది? పది పరీక్ష పేపర్లో మాత్రం పుస్తకాల తెలుగే రాయమన్నాను. మార్కుల దగ్గర ఉద్యమాలొద్దు.

నోట్‌బుక్కా? యాపా? పత్రికా?

అప్పకీ నాకూ అసలు వాదన ఇక్కడే జరిగింది, అప్ప ఫోనంటేనే మండిపడుతుంది కనక.

నోట్‌బుక్కులో ఉన్న సుఖం ఏమిటంటే ఎవరూ చూడరు, కొట్టేసి మళ్లీ రాయొచ్చు. 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని గురజాడ వారు అక్కడితో వదల్లేదు. దాదాపు కొత్త నాటకం అన్నంతగా తిరగరాసి 1909లో మళ్లీ వేశారు. ఇవాళ మనం చదువుతున్నది ఆ రెండోదే. తిరగరాయడానికి చోటు ఉండాలి, నోట్‌బుక్కు ఆ చోటిస్తుంది. దాని చెడ్డ గుణం కూడా అదే. ఎవరూ చూడరు కాబట్టి ఎవరూ అడగరు, సగంలో ఆగిపోయిన కథ సగంలోనే ఉండిపోతుంది.

యాపులో అలా కాదు. ప్రతిలిపి లాంటి కథల యాపుల్లో ఇవాళ పెడితే సాయంత్రానికి ఎవరో ఒకరు చదువుతారు. "సూపర్ అక్కా, నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు?" అని వస్తుంది. పదిహేనేళ్లకి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో నేను కాదనను. అయితే ఆ మాటే కథ మెడకి చుట్టుకుంటుంది. నెక్స్ట్ పార్ట్ అడుగుతారు గానీ, కథ ముగించమని అడిగేవాళ్లు ఉండరు. ఎక్కువమంది చదివేది ప్రేమ, పెళ్లి, అత్తింటి సీరియళ్లు. నెమ్మదిగా జీడి ఫ్యాక్టరీ నానమ్మ పక్కకి తప్పుకుని, కోటీశ్వరుడైన హీరో దిగుతాడు. పైగా ముక్కూమొహం తెలియనివాళ్లు మెసేజ్‌లు పెడతారు. పెట్టి తీరాల్సిందే అంటే అసలు పేరు కాకుండా కలం పేరు పెట్టుకోవాలి. ఫోటో, ఊరు, బడి పేరు ఉండకూడదు. ఈమెయిలు అమ్మానాన్నలది ఇవ్వాలి.

పత్రికల సంగతి చెప్పాలంటే పాతరోజుల్లా లేదు. చందమామ ఆగిపోయింది. కరోనా తర్వాత చాలా వారపత్రికలు అచ్చు మానేశాయి. మిగిలినవాటికీ, దినపత్రికల ఆదివారం అనుబంధాలకీ పంపితే నెలల తరబడి ఎదురుచూపులే, ఒక్కోసారి జవాబే రాదు. అయినా పత్రికకి పంపే కథకి ఒక ముగింపు ఉండాలి, నిడివికి హద్దుంటుంది, శుభ్రంగా టైపు చేసి అచ్చుతప్పులు దిద్దాలి. ఇవన్నీ పిల్ల చేత కథ పూర్తి చేయించేవే.

ఇక్కడ చాలామంది పిల్లలకి తెలియని మెలిక ఒకటుంది. పత్రికకి కథతో పాటు హామీపత్రం జత చెయ్యాలి: ఇది నా సొంత కథ, ఇంకెక్కడా అచ్చు కాలేదు, వెబ్‌లో రాలేదు, వేరే చోట పరిశీలనలో లేదు అని. అంటే యాపులో పెట్టిన కథని పత్రికకి పంపడానికి లేదు. పత్రికలో వచ్చాక, వాళ్ల నిబంధనలు చూసుకుని యాపులో పెట్టుకోవచ్చు. ఆ దారి ఒకవైపే నడుస్తుంది. తొందరపడి పెట్టేస్తే మంచి కథకి ఒక తలుపు మూసుకున్నట్టే.

కాబట్టి నా వరస ఇది: మొదటి ప్రతి నోట్‌బుక్కులో, కుడి పేజీ మీదే రాస్తూ, ఎడమ పేజీ బొమ్మలకీ దిద్దుబాట్లకీ ఖాళీ వదలాలి. పూర్తయ్యాక ఒక్కరికి చదివి వినిపించాలి. ఆ ఒక్కరు అమ్మ కాకపోతే మంచిది, అమ్మయితే "చదువెప్పుడు చదివావే" అన్న ప్రశ్న ముందొస్తుంది. వినేవాళ్లు ఎక్కడ ఆవలించారో చూసుకుని తిరగరాయాలి. తర్వాత పత్రిక. యాపు ఇప్పట్లో వద్దు.

ఫోను మాత్రం పూర్తిగా లాక్కోవద్దని అప్పకి గట్టిగా చెప్పాను. కాళీపట్నం మాస్టారు తనకొచ్చిన అవార్డుల సొమ్ము పెట్టి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో తెరిచిన కథల లైబ్రరీ కథానిలయానికి వెబ్‌సైటు కూడా ఉంది, పాత కథలు వేలల్లో అందులో చదువుకోవచ్చు. ముందు గురజాడ వారి దిద్దుబాటు, 1910 నాటిది, కొద్ది పేజీలే ఉంటుంది. తర్వాత చాసో (చాగంటి సోమయాజులు) కథలు. ఆయన శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో ఉన్న మనిషి, చిన్న చిన్న కథలు, అనవసరపు మాట ఒక్కటి దొరకదు. యాపులో సీరియలు రాసే గంట ఇక్కడ చదివితే పిల్ల వాక్యం తేరుకుంటుంది.

ఇంటర్ గ్రూపు

దీని మీద ఎక్కువ చెప్పను. కథలు రాయడానికి ఫలానా గ్రూపే ఉండాలని ఏం లేదు. రావిశాస్త్రి లాయరు, రామారావు గారు బడిపంతులు, గురజాడ వారిది సంస్థానంలో ఉద్యోగం. రాతతో ఇల్లు గడిచినవాళ్లు మనలో తక్కువ. బొమ్మల సంగతి వేరు. రేపు బొమ్మలే బతుకు అనుకుంటే గురువు దగ్గర చెయ్యి తిరగాలి, బీఎఫ్‌ఏ (బొమ్మల డిగ్రీ) చెయ్యాలి. విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, కడపలో, హైదరాబాదు జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం)లో ఆ కోర్సులున్నాయి, ఇంటర్ ఏ గ్రూపుతో పాసైనా వెళ్లొచ్చు. కాబట్టి ఎంపీసీ తీసుకున్నంత మాత్రాన ఏ తలుపూ మూసుకోదు. కాకపోతే పొద్దున్నించి రాత్రిదాకా కూర్చోబెట్టే రెసిడెన్షియల్ కాలేజీలో వేస్తే పెన్సిల్ పట్టే టైమే దొరకదు. గ్రూపు కంటే కాలేజీ ఎక్కడన్నదే చూడమన్నాను.

అప్ప కోరికల్లా ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో సీటు. పదిలో మార్కులు బాగా రావాలి, కాబట్టి మార్చి పరీక్షలయ్యేదాకా కథలూ బొమ్మలూ ఆదివారం మధ్యాహ్నాలకే అని ముగ్గురం ఒప్పందానికొచ్చాం. పిల్ల చిత్రంగా పేచీ పెట్టలేదు. ఎచ్చెర్ల నుంచి శ్రీకాకుళం ఎంతోదూరం లేదని, సెలవు రోజున కథానిలయానికి బస్సెక్కి వెళ్లిరావొచ్చని నేను ముందే చెవిన వేశాను. అప్పకి ఆ సంగతి ఇంకా చెప్పలేదు.