టీ-6 టెక్సన్ కొంటున్నారా? రెక్కల యాంగిల్స్ చూడకుండా డబ్బు కట్టకండి

అమెరికాలో పాత టీ-6 టెక్సన్ కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. రెండో ప్రపంచ యుద్ధకాలపు పైలట్లకు శిక్షణ ఇచ్చిన విమానం ఇది. 15,000కు పైగా తయారయ్యాయి కాబట్టి ఇప్పటికీ అమ్మకానికి వస్తూనే ఉంటాయి.

నేను చూసినదాని ప్రకటనలో "యాన్యువల్ కొత్తగా అయింది, ఏడీలన్నీ పూర్తి" అని ఉంది. యాన్యువల్ అంటే ఏటా చేయాల్సిన తనిఖీ, ఏడీలంటే భద్రత కోసం తప్పనిసరిగా పాటించాల్సిన ప్రభుత్వ ఆదేశాలు. డిపాజిట్ కడితేనే మా మెకానిక్‌ను చూడనిస్తానన్నాడు అమ్మే ఆయన. తనిఖీలో లోపం తేలితే డబ్బు తిరిగిస్తానని కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టాడు.

పెయింట్ అద్దంలా మెరుస్తోంది. అసలు సంగతి రెక్కను మధ్యభాగానికి బోల్టులతో కలిపే అటాచ్ యాంగిల్స్ అనే లోహపు పట్టీల దగ్గర ఉంది. 2005లో ఫ్లోరిడాలో ఒక టీ-6 గాల్లో ఉండగానే రెక్క ఊడిపోయింది. ఆ యాంగిల్‌లో వచ్చిన ఫెటీగ్ పగులే (పదేపదే ఒత్తిడి పడి లోహంలో వచ్చేది) కారణం. ఆ తర్వాతే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ వీటిని ఫ్లోరోసెంట్ పెనిట్రెంట్‌తో (పగుళ్లలోకి దిగి అల్ట్రావయొలెట్ వెలుగులో మెరిసే డై) పరీక్షించాలని, ఎగిరిన ప్రతి 200 గంటలకూ మళ్లీ చేయాలని ఆదేశం ఇచ్చింది. ఈ పరీక్షకు లోహం పెయింట్ లేకుండా శుభ్రంగా ఉండాలి. ఇక్కడేమో బోల్టు తలల మీదుగా మందంగా రంగు పూసేశారు. లాగ్‌బుక్‌లో "యాంగిల్స్ చూశాం, బాగున్నాయి" అన్న ఒక్క ముక్కే ఉంది. ఏ పద్ధతిలో చూశారో లేదు, మళ్లీ ఎన్ని గంటలకు చూడాలో లేదు. ఇలాంటి ఎంట్రీ కనిపిస్తే అక్కడే ఆగిపోండి.

మా మెకానిక్ కింది యాంగిల్ దగ్గర రంగు తీసి, డై పూసి, తుడిచి, పగులులోని డైని పైకి లాగే డెవలపర్ చల్లి అల్ట్రావయొలెట్ లైటు వేశాడు. బోల్టు రంధ్రం అంచు నుంచి వెంట్రుకంత సన్నని గీత ఆకుపచ్చగా వెలిగింది. నాకు ఒళ్లు జలదరించింది. వెనక సీట్లో మన పిల్లల్నే కూర్చోబెడతాం కదా!

ఇంకొకటి. చల్లటి ఇంజన్‌ను మన ముందే స్టార్ట్ చేయాలని ముందే చెప్పినా, మేం వెళ్లేసరికి వేడిచేసి ఉంచాడు. దీనిది సిలిండర్లు చక్రంలా చుట్టూ ఉండే రేడియల్ ఇంజన్. దాన్ని ఆపి ఉంచితే కింది సిలిండర్లలోకి ఆయిల్ దిగుతుంది. అది గమనించకుండా స్టార్ట్ చేస్తే పిస్టన్‌కు కలిసి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. అందుకే ముందు ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పి చూడాలి. వేడి ఇంజన్ దగ్గర ఇదేదీ బయటపడదు.

పగులు చూపిస్తే "ఇంత పాత విమానానికి ఆ మాత్రం ఉండవా" అన్నాడు. డిపాజిట్ ఇంకా తిరిగివ్వలేదు, లాయర్ నోటీసు పంపాను. అదే విమానం అవే మాటలతో మళ్లీ అమ్మకానికి పెట్టాడు. మీరు ఏ టీ-6 చూసినా మెకానిక్‌ను మీరే పెట్టుకోండి. డిపాజిట్ ఇవ్వక తప్పకపోతే అమ్మేవాడి చేతికి కాకుండా ఎస్క్రోలో (మూడో పక్షం దగ్గర ఉండే ఖాతాలో) వేయండి. యాంగిల్స్ రిపోర్టు వచ్చేదాకా ఆ డబ్బు అక్కడే ఉండనివ్వండి.