డిల్లన్ 550తో ఆరేళ్లు: పళ్లెం చేత్తో తిప్పుకోవడమే నాకు నచ్చింది

డిల్లన్ 550 అంటే, కాల్చేసిన తూటాల ఖాళీ గొట్టాలను ఇంట్లో మళ్లీ నింపుకునే ప్రెస్, ఆ పనినే రీలోడింగ్ అంటారు. ఈ ప్రెస్‌ని ఎవరైనా తప్పుబడితే ఒక్క విషయంలోనే. కింద కేసులు (ఆ ఖాళీ గొట్టాలు) నిలబెట్టే పళ్లెం, షెల్‌ప్లేట్, దానంతటది తిరగదు. హ్యాండిల్ లాగిన ప్రతిసారీ ఎడమచేతి బొటనవేలితో మనమే ఒక గడి ముందుకు తిప్పుకోవాలి. "ఈ రోజుల్లో కూడా చేత్తో తిప్పడమేంటి, ఆటోమేటిక్‌ది తీసుకోవచ్చుగా" అని క్లబ్బులో చాలామంది అన్నారు. ఆరేళ్లయింది. ఈ ప్రెస్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ తిప్పడమే.

నేనుండేది డాలస్ శివారులో. నెలకు రెండు యూఎస్‌పీఎస్‌ఏ (ఇక్కడి పిస్టల్ షూటింగ్ పోటీల సంఘం) మ్యాచ్‌లకు వెళ్తాను. క్యారీ ఆప్టిక్స్ డివిజన్, అంటే పిస్టల్ మీద గురికి చుక్క (డాట్) చూపించే సైటు ఉంటుంది, తూటా 9 ఎంఎం. గ్రీన్‌కార్డు చేతికొచ్చాకే ఇందులోకి దిగాను. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు కాబట్టి ముందే చెప్తున్నాను. ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్లు ఇంట్లో తూటాలు నింపే ఆలోచనే పెట్టుకోవద్దు, లైసెన్సు లేకుండా ఆ పని చేయడం ఆయుధాల చట్టం కింద నేరం.

2019లో మా క్లబ్బులో షూటింగ్ మానేస్తున్న ఒక పెద్దాయన దగ్గర దీన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. మొదటి నెలలోనే సర్దుతూ ఒక చిన్న స్ప్రింగు పోగొట్టుకున్నాను. కంపెనీకి ఫోన్ చేసి సెకండ్‌హ్యాండ్ అని చెప్పాను. అయినా పైసా అడగకుండా పోస్టులో పంపించారు. అప్పుడే ఈ ప్రెస్ మీద ఒక నమ్మకం ఏర్పడింది.

డబ్బు ఆదా కోసం రీలోడింగ్ మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. ఆదా ఉంటుంది గానీ, మీరు కాల్చేది కూడా పెరుగుతుంది. పైగా 2020, 2021లలో ప్రైమర్లు (తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీలు) దొరకడమే గగనమైపోయింది. నేను దీన్ని వదలకపోవడానికి కారణం వేరు, తూటా నాకు కావలసినట్టు ఉంటుంది. మా డివిజన్‌లో అందరికీ మైనర్ స్కోరింగే (తక్కువ బలమున్న తూటాల లెక్క), తూటా బలం చెప్పే పవర్ ఫ్యాక్టర్ 125 ఉంటే చాలు. బుల్లెట్ (తూటా ముందుండి ఎగిరివెళ్లే ముక్క) బరువును గ్రెయిన్లు అనే చిన్న కొలతలో, వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకుని, రెండూ గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. నేను 147 గ్రెయిన్ల బుల్లెట్‌ని సుమారు 880 అడుగుల వేగంతో పంపిస్తాను, 129 వస్తుంది. బయట కొనే 124 గ్రెయిన్ల రౌండ్లు (పూర్తి తూటాలు) నా పిస్టల్‌లో 135 పైనే చూపించాయి. కాగితం మీద ఆరేడు అంకెల తేడాయే. చేతిలో మాత్రం బాగా తెలుస్తుంది, నా తూటాతో డాట్ పైకి ఎగిరినా తొందరగా టార్గెట్ మీదికి దిగుతుంది. కొంతమంది 125కి మరీ దగ్గరగా పెట్టుకుంటారు, అలా చేయకండి. కేసులో పోసే మందుల్లో (గన్‌పౌడర్) కొన్ని చలికి వేగం తగ్గిస్తాయి. జనవరి పొద్దున మ్యాచ్‌లో వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ దగ్గర 125 రాకపోతే కాల్చనిస్తారు గానీ స్కోరు లెక్కలోకి రాదు. 128, 130 మధ్య ఉంటే ఆ టెన్షన్ ఉండదు. ఎంత మందు పొయ్యాలో నేను రాయను, మీరూ ఎవరి దగ్గరా అడిగి పొయ్యకండి. మాన్యువల్లో ఉన్న కనీస కొలతతో మొదలుపెట్టి క్రోనోగ్రాఫ్ చూసుకుంటూ పెంచుకోవాలి.

ఇక తిప్పడం సంగతి. ఈ ప్రెస్‌లో నాలుగు స్టేషన్లు. మొదటిదాంట్లో కేసు సైజుకొచ్చి పాత ప్రైమర్ ఊడి కొత్తది ఎక్కుతుంది, రెండోదాంట్లో మందు పడి మూతి కొంచెం విచ్చుకుంటుంది, మూడోదాంట్లో బుల్లెట్, నాలుగోదాంట్లో క్రింప్, అంటే మూతి మళ్లీ బిగించడం. నేను తిప్పితేనే కేసు రెండు నుంచి మూడుకి వస్తుంది. బుల్లెట్ పెట్టడానికి చెయ్యి అక్కడికే వెళ్తుంది కాబట్టి కన్ను కూడా అక్కడికే వెళ్తుంది. పైన చిన్న ఎల్‌ఈడీ లైటు బిగించాను. కేసు లోపల మందు ఎంత ఎత్తున ఉందో చూసి బుల్లెట్ పెడతాను, తిప్పుతాను. ఎక్కడైనా అడ్డం పడితే అక్కడే ఆగుతుంది, నేను చెయ్యి కదిపేదాకా ఏదీ కదలదు. చేతి మగ్గం మీద కూర్చున్నట్టు ఒక లయ వస్తుంది. గంటకు మూడు వందల రౌండ్లు హడావిడి లేకుండా చేస్తాను. ఇందువల్లే "ఈ ప్రెస్‌తో తప్పు జరగడం కష్టం" అని నాలుగేళ్లు అందరికీ చెప్పాను. ఆ మాట ఇప్పుడు అలాగే చెప్పలేను.

2023 వేసవిలో ఒక శనివారం రాత్రి, తొమ్మిదిన్నర. తెనాలిలో ఆదివారం పొద్దున ఎనిమిది. అమ్మ ఎప్పుడూ ఫోన్ చేసే వేళ. స్పీకర్ ఆన్ చేసి బెంచి మీద పెట్టి పని కానిస్తున్నాను. నాన్నకి మోకాళ్ల ఆపరేషన్ గురించి డాక్టర్ ఏమన్నాడో చెప్తోంది. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి. నేను మాత్రం తెనాలిలో ఉన్నాను. ఫోన్ పెట్టేసి పైకి చూస్తే పౌడర్ డబ్బా ఖాళీ.

అప్పటికే పూర్తయిన రౌండ్లు తొట్టిలో ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయాయి, నాలుగొందల దాకా ఉంటాయి. పైపైన ఉన్న ముప్ఫై తీసి బుల్లెట్లు లాగేశాను. పదకొండింటిలో మందు లేదు. మిగతావాటిని త్రాసు మీద తూచి, తేలిగ్గా ఉన్నవి ఏరాను. నేను పోసే మందు నాలుగు గ్రెయిన్లకు లోపే. రేంజిలో ఏరుకొచ్చిన కేసులు రకరకాల కంపెనీలవి, వాటి బరువుల్లోనే అంతకంటే ఎక్కువ తేడా ఉంటుంది. అంటే తూచి కనిపెట్టడం కుదిరే పనే కాదు. ఆ రాత్రి నాకు ఆ లెక్క తట్టలేదు. తెల్లారితే మ్యాచ్.

మూడో స్టేజి. బీప్ మోగింది, మొదటి నాలుగు టార్గెట్లు బాగా పడ్డాయి. గోడ పక్కకు పరుగెత్తి ఐదోదాని మీద రెండో షాట్ వేస్తే "టప్" అని చిన్న చప్పుడు. అంతే. స్లైడ్ కదల్లేదు. రౌండు పేలకపోతే మ్యాగజీన్ కింద తట్టి, స్లైడ్ లాగి, మళ్లీ కాల్చడం వేలసార్లు ప్రాక్టీస్ చేసిన పని. ఎడమ చెయ్యి ఆలోచించకుండా స్లైడ్ మీదికి వెళ్లిపోయింది. వెనక నుంచి రేంజ్ ఆఫీసర్ "స్టాప్! స్టాప్!" అని గట్టిగా అరిచాడు. ఆగాను.

మందు లేని కేసులో ప్రైమర్ ఒక్కటే పేలి, బుల్లెట్‌ని అంగుళం లోపలికి నెట్టి వదిలేసింది. బ్యారెల్‌లో అది ఇరుక్కుని దారి మూసేసింది. వెనకే ఇంకో రౌండు కాల్చి ఉంటే బ్యారెల్ ఉబ్బడమో పగలడమో జరిగేది, నా చేతులు ఉన్నది అక్కడే. సేఫ్టీ టేబుల్ దగ్గర ఇత్తడి కడ్డీతో కొట్టి బుల్లెట్ బయటికి తీశారు. తప్పు నా తూటాదే కాబట్టి మళ్లీ కాల్చే అవకాశం ఉండదు. కాల్చకుండా వదిలేసిన టార్గెట్లన్నీ మిస్సులే. నాకు ఆ స్కోరు గుర్తుకూడా లేదు. ఆ చిన్న చప్పుడు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది. కొత్తవాళ్లు ఎవరు కనిపించినా మొదట ఇదే చెప్తాను. చప్పుడు తేడాగా వస్తే ఆగిపోండి, స్టేజి పోతే పోనివ్వండి.

ఇంటికొచ్చి మిగిలినవన్నీ ఒక్కొక్కటే లాగాను. రెండు సాయంత్రాలు పట్టింది. ఇంకో ఖాళీది దొరికింది.

కాబట్టి నా పొగడ్తను ఇలా సవరించుకుంటున్నాను. చేత్తో తిప్పడం వల్ల కంటికి చూసే వీలు దొరుకుతుంది, కన్ను ఇంకోచోట ఉంటే దాని వల్ల ఉపయోగం లేదు. తిప్పడం మర్చిపోయి రెండోసారి హ్యాండిల్ లాగితే అదే కేసులో మందు రెండుసార్లు పడుతుంది, అది ఖాళీ కేసు కంటే ప్రమాదం. అందుకే రెండుసార్లు పడితే కేసు అంచుదాకా వచ్చేసేంత ఎక్కువ చోటు తీసుకునే మందుకి మారాను. ఐదు స్టేషన్లున్న ప్రెస్‌లలో మందు ఎత్తు తప్పితే కూత పెట్టే పరికరం పెట్టుకోవచ్చు. దీంట్లో నాలుగే కాబట్టి, బుల్లెట్ పెట్టడం, క్రింప్ ఒకేచోట కలిపితే తప్ప దానికి స్థలం లేదు. నేను కలపలేదు, విడివిడిగా చేస్తేనే నా రౌండ్లు కొలత చూసే గేజ్‌లో సాఫీగా దిగుతున్నాయి. డబ్బా మీద మూడో వంతు ఎత్తున ఎర్ర టేపు అంటించాను, మందు అక్కడికి దిగితే ఆపి నింపుతాను. యాభై రౌండ్లకోసారి తొట్టి ఖాళీ చేసి వేరే పెట్టెలో పోస్తాను, తప్పు జరిగినా ఆ యాభైలోనే ఉంటుంది. బెంచి గరాజ్‌లో ఉంది, ఫోన్ మాత్రం ఇంట్లోనే ఉంటుంది. అమ్మకి సంగతంతా చెప్పలేదు, శనివారం బదులు ఆదివారం రాత్రి చేయమన్నానంతే.

మిగతావి పెద్దగా చెప్పేంతవి కావు. ప్రైమర్లు ట్యూబులో ఎక్కించడం విసుగు పుట్టిస్తుంది, కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా మాత్రం ముట్టుకోకండి. వాడిన ప్రైమర్లలో సీసం ఉంటుంది. బెంచి దగ్గర తిండి, కాఫీ వద్దు, లేచాక చల్లటి నీళ్లతో చేతులు కడుక్కోవాలి. ఇంట్లో చిన్నపిల్ల ఉంది కాబట్టి నేను చొక్కా కూడా గరాజ్‌లోనే మార్చుకుని లోపలికి వెళ్తాను.

నాది నెలకు ఆరేడు వందల రౌండ్ల వాడకం, పాప పడుకున్నాక దొరికే గంటన్నర. ఈ లెక్కకి ఇది సరిపోయింది, మళ్లీ కొనాల్సి వచ్చినా ఇదే కొంటాను. వారానికి వెయ్యి కాల్చేవాళ్లకు బొటనవేలు ముందు నొప్పెడుతుంది, వాళ్లు ఐదు స్టేషన్ల ఆటోమేటిక్ చూసుకోవడమే మేలు. తలుపు వేసుకుని గంటసేపు ఎవరూ పిలవకుండా కూర్చునే వీలు ఇంట్లో లేకపోతే, కొన్నాళ్లు ఫ్యాక్టరీ రౌండ్లే కాల్చండి.