పాత థింక్‌ప్యాడ్, మూడేళ్ల వాడకం: ఆ 3,500 దేనికి పెట్టానంటే

అనంతపురంలో ఒక నూనె మిల్లు లెక్కలు చూస్తాను. ట్యాలీ, జీఎస్టీ రిటర్న్‌లు, సాయంత్రం మా పాప చదువు. దీనికి కొత్త ల్యాప్‌టాప్ ఎందుకని 2022లో లెనోవో థింక్‌ప్యాడ్ టీ480 సెకండ్‌హ్యాండ్‌ది ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. కంపెనీ ఆఫీసుల్లో లీజు అయిపోయి బయటికొచ్చే రకం. ఇప్పటికీ రోజూ దాని మీదే పని.

అదే మోడల్, అదే ర్యామ్. ఒకతను 24,500 అన్నాడు, ఇంకొకతను 28,000. తక్కువ చెప్పినతని పేజీ నిండా పొగడ్తలే. అవి నేను చదవను. రెండు, మూడు స్టార్లు ఇచ్చినవాళ్లు రాసింది చూస్తాను, సామాను పాడయ్యాక ఏం జరిగిందో చెప్పేది వాళ్లే. అతనిది వారం రోజుల టెస్టింగ్ వారంటీ. బిల్లు అడిగితే "జీఎస్టీ బిల్లంటే రేటు వేరే సార్" అన్నాడు. 28,000 చెప్పిన బెంగళూరు అతను సీరియల్ నంబర్ వేసిన బిల్లు, ఏడాది వారంటీ ఇస్తానన్నాడు. పాడైతే కొరియర్ ఖర్చు ఎవరిదని అడిగాను. "రానూ పోనూ మాదే" అని మెసేజ్‌లో రాసిచ్చాడు. బెంగళూరు ఇక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైనే, షాపుకు తెచ్చివ్వమంటే ఒక రోజు పని పోయినట్టే. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే చోటే ఫిర్యాదు చేయొచ్చు, నిజమే. బిల్లే ఇవ్వనివాడి మీద ఏ కాగితం పట్టుకుని పోతాం?

అందుకే 3,500 ఎక్కువైనా బెంగళూరు అతని దగ్గరే కొన్నాను. ఆ వారంటీతో మొదటి నెలలోనే అవసరం పడింది. అతను పంపిన చార్జర్ డూప్లికేట్‌ది, చెయ్యి పెట్టలేనంత కాలేది. ఫోటో పంపితే "నార్మలే సార్" అన్నాడు. (పేరున్నవాళ్లు కూడా మొదట అదే అంటారు.) బిల్లు నంబర్ పెట్టి మళ్లీ రాశాక ఒరిజినల్ పంపాడు. పాతది కొరియర్ వాళ్లే వచ్చి తీసుకెళ్లారు.

ఇక మెషిన్. లోపల ఒక బ్యాటరీ, వెనక ఊడదీసేది ఇంకొకటి. ఆపకుండానే వెనకది మార్చుకోవచ్చు, ఎండాకాలం కరెంటు పోయినా రిటర్న్ మధ్యలో ఆగదు. వాడిన బ్యాటరీలే కదా, బ్యాకప్ మొదట్నుంచీ అంతంతే. వెనకది నిరుడు కొత్తది వేయించాను. ర్యామ్ స్లాట్లు రెండు, టవర్ క్లాక్ దగ్గర ఒక కుర్రాడు నిమిషాల్లో 16 జీబీ చేసిచ్చాడు. స్క్రీన్ మాత్రం డల్లు, కిటికీ పక్కన కూర్చుంటే కళ్లు చికిలించాల్సిందే.

దీనికి ముందు మోడల్ టీ470 ఇంకా చవగ్గా వచ్చేది. మా బావమరిది అదే తీసుకోమన్నాడు. అందులో ఎక్కువగా ఉండేది ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్, విండోస్ 11కేమో కనీసం ఎనిమిదో తరం కావాలని మైక్రోసాఫ్ట్ అప్పటికే చెప్పేసింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సపోర్ట్ ఆగిపోయింది. నాది ఎనిమిదో తరం కాబట్టి మామూలుగానే 11కి మారింది.

ఇప్పుడు మిల్లుకు డెస్క్‌టాప్ కావాలి. బెంగళూరు అతను రేటు బాగానే చెప్పాడు. అయినా ఊళ్లోనే కొంటున్నాం. ఎస్ఎంపీఎస్ (లోపల కరెంటు అందించే డబ్బా) పోయినా హార్డ్‌డిస్క్ పోయినా ఇక్కడే దొరుకుతాయి, అంత బరువు కొరియర్‌లో తిప్పే టెన్షన్ ఎందుకు?