ప్రోబయోటిక్స్ రెండేళ్ళు పైన వాడాక నా రివ్యూ: ఒకే ఇంట్లో ముగ్గురికి మూడు రకాల రిజల్ట్

వైజాగ్ గాజువాకలో మా ఇంట్లో ముగ్గురం ప్రోబయోటిక్స్ (కడుపుకి మంచివని అమ్మే బతికున్న సూక్ష్మజీవుల బిళ్ళలు, సాచెట్లు) వాడాం, నేను, మా ఆయన, అత్తయ్య గారు. ముగ్గురివీ వేరే వేరే ప్రాబ్లమ్స్, వేరే వేరే ప్యాకెట్లు, మొదలుపెట్టి రెండేళ్ళు దాటింది కాబట్టి ఇప్పుడు రాస్తే ఎవరికైనా పనికొస్తుందనిపించింది. ఎక్కడ చూసినా వారం వాడి "సూపర్ అండి, కడుపు తేలికైపోయింది" అని ఫైవ్ స్టార్ ఇచ్చినవాళ్ళే, ఏడాది తర్వాత ఎలా ఉందో మళ్ళీ వచ్చి చెప్పేవాళ్ళు కనపడరు. బ్రాండ్ల పేర్లు రాయట్లేదు, నేను చెప్పేది ఏ కంపెనీదైనా వర్తిస్తుంది.

మా ఆయనతో మొదలెడతా. షుగర్ అని తెలిసి మెట్‌ఫార్మిన్ మొదలైన దగ్గర్నించి ఆయనకి గ్యాస్, పొద్దున్నే రెండు మూడు సార్లు బాత్రూమ్‌కి పరుగు. మందుల షాపులో అడిగితే రోజుకో ప్రోబయోటిక్ వేసుకోండి గట్ సెట్ అయిపోతుంది అన్నారు, నెలల తరబడి వేసుకున్నారు, ఏ తేడా లేదు. తర్వాత షుగర్ చెకప్‌కి వెళ్ళినప్పుడు ఈ సంగతి డాక్టర్ చెవిన వేస్తే ఆయన చేసింది ఏంటంటే మామూలు మెట్‌ఫార్మిన్ మార్చి నెమ్మదిగా కరిగే ఎస్‌ఆర్ రకం రాసి భోజనంతో పాటు వేసుకోమన్నారు, అంతే. కొద్ది వారాల్లో చాలా మటుకు తగ్గిపోయింది. మెట్‌ఫార్మిన్‌కి గ్యాస్, లూజ్ మోషన్స్ బాగా తెలిసిన సైడ్ ఎఫెక్టే, కారణం అక్కడుంటే ఎన్ని కోట్ల బ్యాక్టీరియా మింగినా ఏం లాభం చెప్పండి. మీరు ఏదైనా మందు కొత్తగా మొదలుపెట్టాక కడుపు తేడా చేసిందంటే ముందు ఆ మందు సంగతి అడగండి, మానేయడం మాత్రం సొంతంగా చేయొద్దు.

అత్తయ్య గారిది దీనికి పూర్తిగా రివర్స్. ఆవిడకి యాంటీబయాటిక్ వేస్తే చాలు విరేచనాలు పట్టుకుంటాయి, ఒకసారైతే సెలైన్ పెట్టించేదాకా వెళ్ళింది. మళ్ళీ పంటికి చీము పట్టి కోర్సు వాడాల్సి వచ్చినప్పుడు డాక్టర్ గారు దాంతో పాటు శాకరోమైసిస్ బౌలార్డీ అనేది రాశారు. ఇది బ్యాక్టీరియా కాదు, ఈస్ట్. 1920ల్లో ఆంరీ బులార్ అనే ఫ్రెంచ్ సైంటిస్ట్ ఇండోచైనాలో లిచీ, మాంగోస్టీన్ పళ్ళ తొక్కల నించి తీశాడు దీన్ని. ఈస్ట్ కాబట్టి యాంటీబయాటిక్ దీన్ని చంపలేదు, అందుకే రెండూ కలిపి వాడినా నడుస్తుంది, ఫంగస్‌కి వేసే మందులు వాడేటప్పుడు మాత్రం ఇది చచ్చిపోతుంది. లాక్టోబాసిల్లస్ లాంటి మామూలు బ్యాక్టీరియా రకాలైతే యాంటీబయాటిక్‌కీ దానికీ కనీసం రెండు గంటల గ్యాప్ ఇమ్మంటారు. ఆ కోర్సు అంతా ఆవిడకి ఒక్క లూజ్ మోషన్ కూడా అవ్వలేదు. ఒక మనిషికి ఒకసారి తగ్గింది కదా అని అది రుజువైపోదు, కానీ ఈ వాడకానికి వెనకాల ట్రయల్స్ కూడా ఉన్నాయి. అమెరికన్ గ్యాస్ట్రో డాక్టర్ల సంఘం, ఏజీఏ, 2020లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో యాంటీబయాటిక్స్ వాడేవాళ్ళకి సీ డిఫిసిల్ (యాంటీబయాటిక్స్ తర్వాత పేగుల్లో పెరిగి విరేచనాలు పట్టించే బ్యాక్టీరియా) ఇన్ఫెక్షన్ రాకుండా కొన్ని స్ట్రెయిన్లు, అంటే ఒకే జాతిలోని ఫలానా రకాలు, వాడొచ్చు అని చెప్పారు, అది కూడా ఆధారాలు అంత గట్టిగా లేవని ఒప్పుకుంటూనే. అదే గైడ్‌లైన్స్‌లో ఐబీఎస్‌కి (ఎప్పుడూ కడుపునొప్పి, విరేచనాలో మలబద్ధకమో ఉండే పేగుల సమస్య) మాత్రం ట్రయల్స్‌లో తప్ప వాడమని సిఫార్సు చెయ్యలేదు. ఐబీఎస్ వాళ్ళకే కదా ఇక్కడ ఎక్కువ అమ్ముతున్నది!

ఇక్కడే ఇంకో మాట. కోర్సు అయిపోయాక కూడా "లోపల మంచి బ్యాక్టీరియా పెరగాలి" అని నెలల తరబడి ప్రోబయోటిక్ కంటిన్యూ చేసేవాళ్ళు మా అపార్ట్‌మెంట్‌లోనే చాలామంది. 2018లో ఇజ్రాయెల్ వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 21 మందికి యాంటీబయాటిక్స్ ఇచ్చి తర్వాత ఏమవుతుందో చూశారు, 11 స్ట్రెయిన్ల ప్రోబయోటిక్ వేసుకున్నవాళ్ళలో సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం, ఏమీ వేసుకోనివాళ్ళ కంటే లేటయ్యింది. చిన్న స్టడీ, పైగా వాళ్ళు వాడింది బౌలార్డీ కాదు, అయినా బయట నించి వచ్చినవి సీటు పట్టుకుని కూర్చుంటే ఇంటివాళ్ళకి చోటు దొరకనట్టు ఉంది కదా అనిపించింది నాకు. అందుకే అత్తయ్య గారికి కోర్సుతో పాటే మొదలు, డాక్టర్ చెప్పిన రోజుకి ఆపడం.

ఇంక నా సంగతి. గాజువాక నించి రుషికొండ ఐటీ హిల్ దాకా రోజూ బస్సులో పోయి రావడం, మధ్యాహ్నం క్యాంటీన్ భోజనం, సాయంత్రం అయ్యేసరికి పొట్ట బిగుసుకుపోయి చున్నీ అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని. నేను వాడింది "ప్రీ అండ్ ప్రోబయోటిక్" అని రాసి ఉండే రకం. మొదటి నెలలో గ్యాస్ ఇంకా పెరిగింది, షాపులో అడిగితే అది సర్దుకుంటోందని గుర్తు, వాడండి అన్నారు. ప్యాకెట్ వెనక్కి తిప్పి చూస్తే అందులో ఫ్రక్టో ఒలిగో శాకరైడ్స్, అంటే ఎఫ్‌ఓఎస్ ఉంది, పేరులో ఆ "ప్రీ" ఇదే. ఇది మన చిన్నపేగులో అరగదు, పెద్దపేగులోకి పోయి అక్కడ బ్యాక్టీరియాకి మేతవుతుంది, అవి తిన్నాక గ్యాస్ తయారవుతుంది, ఉల్లి, వెల్లుల్లి, గోధుమ తింటే ఉబ్బరం వచ్చేవాళ్ళకి ఇది కూడా పడకపోవచ్చు. పొట్ట ఉబ్బరానికని కొనే ప్యాకెట్లో ఉబ్బరం పెంచేది కలిపి అమ్మడం ఏంటో నాకు అర్థం కాలేదు, నిజంగా కోపం వచ్చింది. ఎఫ్‌ఓఎస్ లేనిది తెచ్చి వాడితే ఆ ఎక్స్‌ట్రా గ్యాస్ పోయింది, అసలు ఉబ్బరం అలాగే ఉంది. కావాలని ఒక నెల ఆపి, ఒక నెల వాడి అలా మార్చి మార్చి డైరీలో రాసుకుంటూ చూశా, వాడిన నెలకీ మానేసిన నెలకీ నాకు తేడా కనపడలేదు.

కొనేముందు లేబుల్ చూడటం ఎలాగో చెప్తా, ఇది అన్నిటికన్నా ముఖ్యం. "10 బిలియన్ సీఎఫ్‌యూ" అని, అంటే బతికున్న సూక్ష్మజీవుల లెక్క, పెద్దక్షరాల్లో ఉంటుంది, అది చూడకండి ముందు. స్ట్రెయిన్ రాశారా లేదా చూడండి, లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ అని ఆపేస్తే సరిపోదు, చివర జీజీ లాంటి గుర్తు ఉండాలి, ఎందుకంటే ట్రయల్స్ జరిగేది ఆ స్ట్రెయిన్ మీద, ఆ జబ్బు మీద. మన పక్కనే ఒడిశా పల్లెల్లో 4,500 మందికి పైగా పసిపిల్లల మీద చేసిన ట్రయల్ 2017లో వచ్చింది, ఒక లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ స్ట్రెయిన్‌ని ఎఫ్‌ఓఎస్‌తో కలిపి పుట్టిన తొలి రోజుల్లో వారం పాటు ఇస్తే సెప్సిస్ (ఒళ్ళంతా పాకే ప్రాణాంతక ఇన్ఫెక్షన్), మరణాలు కలిపి 40 శాతం తగ్గాయి, ఎంత గొప్ప విషయం అది! తర్వాత ఏడాది అమెరికాలో వాంతులు విరేచనాలతో వచ్చిన దాదాపు వెయ్యి మంది చిన్నపిల్లలకి జీజీ స్ట్రెయిన్ ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మందుకీ దానికీ తేడా రాలేదు. రెండూ ప్రోబయోటిక్సే. పిల్లలకి విరేచనాలైతే ముందు ఓఆర్ఎస్, జింక్, అవి మర్చిపోయి సాచెట్ల వెనకాల పడకండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకీ, కీమో నడుస్తున్నవాళ్ళకీ, ఐసీయూలో ఉన్నవాళ్ళకీ అయితే డాక్టర్ చెప్పకుండా అస్సలు వద్దు, ఆ బతికున్న సూక్ష్మజీవి రక్తంలోకి పోయే ప్రమాదం వాళ్ళకి ఉంది.

తర్వాత ఎండ. బాసిల్లస్ క్లాసియై, కోయాగ్యులాన్స్ లాంటివి స్పోర్ల రూపంలో, అంటే గట్టి తొడుగులో నిద్రపోతున్నట్టు, ఉంటాయి కాబట్టి వేడిని తట్టుకుంటాయి, చాలా లాక్టోబాసిల్లస్, బైఫిడో రకాలకి మన వైజాగ్ మే నెల వేడి, సముద్రపు తేమ రెండూ పడవు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే పార్సిల్ మధ్యాహ్నమంతా వాచ్‌మన్ దగ్గర ఎండలో ఉండేది, అందులో ఎన్ని బతికున్నాయో ఎవరు లెక్కపెడతారు? డబ్బా మీద ఆ కౌంట్ తయారైన రోజుదా, ఎక్స్‌పైరీ దాకా గ్యారంటీనా అనేది కూడా చదవండి.

నాకు పనిచేసింది చాలా మామూలుది. ఇసబ్‌గోల్ అర చెంచాతో మొదలుపెట్టి నీళ్ళు బాగా తాగుతూ మెల్లగా పెంచా, ఒకేసారి పెంచితే మళ్ళీ ఉబ్బరమే. క్యాంటీన్ భోజనం తగ్గించి బాక్స్ పట్టుకెళ్తున్నా, కూర ఎక్కువ, అన్నం తక్కువ. పొద్దున్న అత్తయ్య గారి చోడి (రాగి) అంబలి, మజ్జిగ కలిపి. ఆవిడది శ్రీకాకుళం వైపు, తరవాణి (పులిసిన గంజి) కుండ ఉన్న ఇంట్లో పెరిగిన మనిషి, నా క్యాప్సూల్స్ చూసి "ఏటమ్మా, పులిసిన గంజి తాగడానికి కూడా బిళ్ళలేనా" అనేవారు. 2021లో స్టాన్‌ఫోర్డ్ వాళ్ళు 36 మంది మీద చేసిన స్టడీలో పెరుగు, కిమ్చీ (కొరియా వాళ్ళ పులిసిన క్యాబేజీ) లాంటి పులిసినవి పది వారాలు బాగా పెంచి తిన్నవాళ్ళ పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, అందులో మన తరవాణి లేదు కాబట్టి దానికీ అదే ఫలితం అని నేను చెప్పను. ఇడ్లీ ప్రోబయోటిక్ అని తిప్పే వీడియోలు మాత్రం నమ్మకండి, పిండి పులిసేటప్పుడు బ్యాక్టీరియా ఉంటుంది గానీ ఆవిరికి చచ్చిపోతుంది, అంబలిలో కూడా ఉడికాక మిగిలేది చల్లారాక కలిపే మజ్జిగలోదే. రాత్రి అన్నం ఊరికే బయట వదిలేసి చద్దన్నం అనుకోవడం కూడా మన వేడిలో మంచిది కాదు, బాసిల్లస్ సీరియస్ అనేది అందులో విషం తయారు చేస్తుంది, వాంతులు చేయించే ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అన్నం త్వరగా చల్లార్చి పెరుగు తోడేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, వాసన తేడాగా ఉంటే పారేయండి.

మలంలో రక్తం, ఊరికే బరువు తగ్గడం, రాత్రి నిద్రలో లేచి పరిగెత్తాల్సి రావడం, ఇవి ఉంటే ఇలాంటి రివ్యూలు చదవడం ఆపి కేజీహెచ్‌కో (వైజాగ్ పెద్ద గవర్నమెంట్ ఆసుపత్రి) మీకు దగ్గర్లో ఉన్న గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికో వెళ్ళండి.

రేటింగ్ అడిగితే, ఐదుకి, అత్తయ్య గారి బౌలార్డీకి 4, మా ఆయన క్యాప్సూల్స్‌కి 1, నేను వాడిన ఎఫ్‌ఓఎస్ ప్యాకెట్‌కి 1, అది లేనిదానికి 2. రోజువారీ ప్యాక్‌లు మళ్ళీ కొనం. అత్తయ్య గారికి ఎవరైనా యాంటీబయాటిక్ రాస్తే మాత్రం పోయినసారి చీటీ చూపించి అదే కావాలా అని అడిగి తెస్తాం.