మెడ నొప్పికి ఎంవీపీ కాలనీ ఫిజియోథెరపీ క్లినిక్: నా అనుభవం

గాజువాకలో 22 ఏళ్లుగా బ్లౌజులు కుడుతున్నాను. రోజంతా మెషిన్ మీద తల వంచే పని. పోయిన సంక్రాంతి ఆర్డర్లప్పుడు కుడి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కి కత్తెర చేతిలోంచి జారిపోయింది. ఒకటే టెన్షన్.

డాక్టరు రాసిస్తే ఇక్కడికొచ్చాను. ఫిజియోథెరపిస్టు మేడమ్ ప్లాస్టిక్ వెన్నెముక నా చేతికిచ్చి చూపించారు. మెడలో పూసలు 7, నరాలు మాత్రం 8 జతలు. 5, 6 పూసల మధ్య మెత్తటి డిస్క్ ఉబ్బి 6వ నరాన్ని నొక్కితే తిమ్మిరి ఆ వేళ్లకే దిగుతుందట. నా ఎంఆర్‌ఐలోనూ అదే ఉంది. ఇబ్బంది మెడలో ఉంటే వేళ్లెందుకు తిమ్మిరెక్కుతాయో అప్పటికి గానీ అర్థం కాలేదు.

గడ్డం వెనక్కి లాగే వ్యాయామం నేర్పారు, మెషిన్ బల్ల ఎత్తు పెంచమన్నారు. అస్తమానం మెడపట్టీ వేసుకుంటే కండరాలు బలహీనపడతాయని దాన్ని తీయించేశారు. 6 వారాల్లో తిమ్మిరి చాలావరకు తగ్గింది.

సాయంత్రాలు మాత్రం క్లినిక్‌లో మన వంతు కోసం గంటసేపు కూర్చోవాలి. ఆ కుర్చీలకు వీపు ఆనదు, మెడ నొప్పి వాళ్లకి అది నరకం. పొద్దున్నే వెళ్లండి. చేతిలో పట్టు తగ్గుతున్నా, నడక తూలుతున్నా ఆలస్యం చేయకుండా ముందు డాక్టరుకే చూపించుకోమని మేడమ్ మొదటి రోజే చెప్పారు.