ఇంట్లో చేసుకున్న నకిరి కత్తి, అంకుడు ఒర: కొన్నేళ్లు వాడాక

చూసినవాళ్లంతా పదును గురించే అడుగుతారు. నేను మాత్రం ముందు ఒర గురించి చెబుతాను. విశాఖ ఉప్పుగాలిలో కార్బన్ ఉక్కు కత్తి నిలుస్తుందా, తుప్పు తినేస్తుందా అన్నది దాన్ని బట్టే ఉంటుంది.

నకిరి అంటే జపాన్ ఇళ్లలో కూరగాయలు తరిగే కత్తి. మొన ఉండదు, అంచు దాదాపు తిన్నగా ఉంటుంది, రెండు వైపులా సాన పడతారు. నాది 165 మిల్లీమీటర్ల పొడవు, వీపు దగ్గర 2 మిల్లీమీటర్ల మందం. అక్కడి కమ్మరులు చాలావరకు గట్టి ఉక్కును మధ్యలో పెట్టి, పక్కల మెత్తటి ఇనుము అతికిస్తారు. ఆ గట్టి ఉక్కుకు షిమానే ప్రాంతంలోని యాసుగి పేరుపొందిన ఊరు. ఇంట్లో ఆ అతుకు పని కుదరదు కాబట్టి నేను మొత్తం ఒకే ఉక్కుతో చేశాను: ఈఎన్ 31, బాల్ బేరింగులు చేసేది. దాదాపు 1 శాతం కార్బన్, కాస్త క్రోమియం ఉంటాయి. ఆకారం గ్రైండర్‌తో కోసి, మిగతాదంతా ఆకురాయితో అరగదీశాను. గట్టిపరచడం మాత్రం కొలిమి ఉన్న షాపులో చేయించాను. 830 డిగ్రీల ప్రాంతంలో వేడి కాసేపు నిలకడగా ఉండాలి, నూనెలో ముంచాలి, ఆ తర్వాత 200 డిగ్రీల దగ్గర మళ్లీ కాచి పెళుసుదనం తగ్గించాలి. కుంపటి మీద అంత నిలకడ రాదు. ఈ ఒక్క పనికి డబ్బు పెట్టడానికి వెనకాడొద్దు.

క్యాబేజీ, గోరుచిక్కుడు, ఉల్లిపాయ ఈ కత్తితో తరిగితే మళ్లీ స్టీలు చాకు పట్టుకోబుద్ధి కాదు. అంచు తిన్నగా ఉంటుంది కాబట్టి కాడలు సగం తెగి వేలాడవు. కొబ్బరికాయ, పనసకాయ, గట్టి గుమ్మడికాయ జోలికి మాత్రం దీంతో వెళ్లను, వాటికి కత్తిపీటే సరి. మొదటి నెలల్లో మామిడికాయ, గోంగూర తగిలిన చోటల్లా నల్లటి మరకలు పడ్డాయి. ఉల్లిపాయ ముక్కలకి ఇనుము వాసన పట్టేది. తర్వాత కత్తంతా నీలం కలిసిన బూడిద రంగులోకి తిరిగింది, ఆ రంగు కుదిరాక వాసన పోయింది. దాన్ని తోమి మెరిపించకండి, తుప్పుకు అడ్డం నిలిచేది ఆ పొరే.

సాన పట్టేటప్పుడు అంచు ఒక్కటే చూసుకుంటే చాలదు. కొన్నాళ్లకి వేలికి పదును తగులుతూనే ఉంటుంది, అయినా క్యారెట్ తెగే బదులు పగులుతుంది. అంచు అరిగి పైకి జరిగేకొద్దీ దాని వెనక ఉక్కు మందమవుతుంది. అప్పుడు పక్కల్ని కూడా రాయి మీద పరిచి పలచబరచాలి. ఓపిక కావాలి, కానీ చేశాక కత్తి మళ్లీ కొత్తదవుతుంది.

ఇక ఒర. జపాన్‌లో దీనికి హో అనే చెట్టు కర్ర వాడతారు. మెత్తగా ఉండి అంచును చెడగొట్టదు, జిగురు కారదు. నేను ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర తీసుకున్నాను. సన్నటి పోగు, ఉలికి వెన్నలా లొంగుతుంది. తుమ్మ చెక్క వద్దు, అందులోని వగరు తడి ఇనుమును నల్లబరుస్తుంది. రెండు చెక్కల్లోనూ ఉలితో గుంట తీశాను. కత్తి పక్కలూ వీపూ ఆనాలి, అంచు మాత్రం ఎక్కడా చెక్కకు తగలకూడదు. మసి పూసిన కత్తిని పెట్టి తీస్తూ, నల్లగా అంటిన చోటల్లా చెక్కుతూ పోయాను. ఎక్కువ రోజులు పట్టింది ఈ పనికే, నాకు బాగా నచ్చినదీ ఇదే.

రెండు చెక్కల్నీ అన్నం మెతుకులతో అతికించాను. గాలిపటాలకి మనం చేసినట్టే, మెతుకుల్ని పలక మీద బాగా మెదిపి. జపాన్‌లో కత్తుల ఒరలు చేసేవాళ్లది కూడా ఈ పద్ధతే. లోపల తుప్పు పొడి చేరితే ఒరను చీల్చి, శుభ్రం చేసి, మళ్లీ అతికించుకోవచ్చు. ఒక వర్షాకాలంలో చివర అతుకు దానంతట అదే విడింది. లోపల గోధుమరంగు చారలు కనిపించాయి, ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ అతికించాను. ఫెవికాల్ అయితే ఒరను నరకాల్సి వచ్చేది.

వానల్లో చెక్క ఉబ్బి కత్తి బిగుసుకుంటుంది, ఎండాకాలం జారిపోయేంత వదులవుతుంది. అందుకే అడ్డంగా వెదురు చీల తప్పనిసరి. కత్తి పూర్తిగా ఆరకుండా ఒరలో పెట్టొద్దు, తెల్లారేసరికి ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. నేను కడిగి, తుడిచి, గాలికి కాసేపు ఉంచి, కొబ్బరినూనె పలచగా రాస్తాను. నువ్వులనూనె కొన్నాళ్లకి బంకలా మారుతుంది.

పిడికి కూడా అంకుడే వేశాను. చేతికి హాయిగా ఉంది కానీ నీళ్ల వాడకానికి నల్లబడి కాస్త వదులైంది. ఉక్కు తోకను వేడిచేసి చెక్కలోకి దించిన పిడి కాబట్టి నాలుగు దెబ్బలకి ఊడొస్తుంది. ఈ వేసవిలో రోజ్‌వుడ్‌తో కొత్తది వేస్తాను, ఒరకి మాత్రం అంకుడే ఉంటుంది.